శనివారం మధ్యాహ్నం ఫోన్ ఎత్తింది నేనే

ఈ మధ్య ఫ్రిస్కోలో మా చర్చికి వచ్చే తెలుగు నర్సమ్మాయిలు ఇద్దరు నన్ను పార్కింగ్ లాట్‌లో ఆపి అడిగారు. "సుజాత ఆంటీ, కౌంటీ జైల్లో ఆఫర్ వచ్చింది. షిఫ్టులు హాస్పిటల్ కంటే బెటర్‌గా ఉన్నాయి. చేరొచ్చా? సేఫేనా?"

"మీకు సేఫే," అన్నాను. నిజం. మధ్యలో గ్యాప్ తీసేస్తే పద్దెనిమిదేళ్ళు జైల్లో నర్సుగా చేశాను. ఒక్కడు నా మీద చెయ్యెత్తలేదు. కానీ లోపల ఉన్నవాళ్ళకి మేం సేఫా అని ఆ పిల్లలు అడగలేదు. నేనూ చేరేటప్పుడు అడగలేదు. దానికి జవాబు పార్కింగ్ లాట్‌లో నిలబడి చెప్పేది కాదు కాబట్టి ఇంటికొచ్చి రాయడం మొదలుపెట్టాను.

జీతం, సర్టిఫికేషన్లు, లైసెన్సు ఒక స్టేట్ నుంచి ఇంకో స్టేట్‌కి ఎలా మార్చుకోవాలి, ఇవన్నీ ఇంటర్నెట్‌లో దొరుకుతాయి. దొరకనివి రాస్తాను.

ఆ ఉద్యోగం

గుంటూరులో మిషన్ ఆసుపత్రిలో నర్సింగ్ చదువుకున్నాను. ఓక్లహోమాలో ఒక చిన్న టౌన్ ఆసుపత్రి స్పాన్సర్ చేస్తే మా ఆయన ప్రభాకర్, నేను, ఏడేళ్ళ మా అమ్మాయి వచ్చాం. కొన్నాళ్ళకి ఆ ఆసుపత్రిలో సగం వార్డులు మూసేశారు. మా ఆయన ల్యాబ్ ఉద్యోగం మిగిలింది, నాది పోయింది. ఊళ్ళో నర్సు కావాలన్న చోటు ఒక్కటే, కౌంటీ జైలు. చేరాను.

జైలు అనగానే మనకి శిక్ష పడ్డవాళ్ళు గుర్తొస్తారు. మన జిల్లాలాంటి కౌంటీకి ఉండే జైలు అలా కాదు. లోపల ఉన్నవాళ్ళలో ఎక్కువమందికి ఇంకా ఏ శిక్షా పడలేదు. నిన్న అరెస్టయినవాళ్ళు, కోర్టు తేదీ కోసం చూస్తున్నవాళ్ళు. నర్సుకి ఇది ముఖ్యమైన సంగతి. నిన్నటిదాకా ఇంట్లో వేళకి మాత్ర వేసుకున్న మనిషి ఇవాళ ఆ మాత్ర లేకుండా మీ ముందు కూర్చుని ఉంటాడు. దాని పేరు అతనికి గుర్తుండదు. మీకు ఎవరూ చెప్పరు.

ఆ చుట్టుపక్కల నేటివ్ అమెరికన్లు చాలామంది. ఆ నేల అసలు వాళ్ళదే. ఊరి జనంలో వాళ్ళు ఎంతమందో చూసి, జైల్లో ఎంతమందో చూస్తే లెక్క కుదరదు. ఆ తేడా మొదటి వారంలోనే కంటికి కనిపించింది, రెండో నెలకి కనిపించడం మానేసింది. ఫారంలో జాతి అనేచోట పెద్దవాళ్ళు కొందరు "ఇండియన్" అని రాయమనేవాళ్ళు. నేనూ ఇండియన్‌నే అంటే ఒక ముసలాయన నన్ను పైనుంచి కిందిదాకా చూసి, "ఓహో, తెల్లవాళ్ళు వెతుక్కుంటూ బయల్దేరింది మిమ్మల్నన్నమాట. మీరు ఇంట్లో లేకపోయేసరికి మా మీద పడ్డారు," అన్నాడు. ఇద్దరం నవ్వుకున్నాం. అలాంటి మంచి రోజులు కూడా ఉండేవి.

గ్లోరియా తలుపు తీయించేది

నాకు పని నేర్పింది మా హెడ్ నర్సు గ్లోరియా. అరవైకి దగ్గరపడ్డ నల్లజాతి ఆవిడ. మోకాళ్ళ నొప్పులు, నోట్లో ఎప్పుడూ పుదీనా బిళ్ళ. జైలు గది తలుపుకి అన్నం పళ్ళెం పట్టేంత కంత ఉంటుంది. మందులు దాంట్లోంచి ఇచ్చేసి, "ఎలా ఉంది?" అని కేకేసి, టిక్ పెట్టుకుని వెళ్ళిపోవచ్చు. అందరూ చేసేది అదే. గ్లోరియా ప్రతిసారీ ఆఫీసర్‌ని పిలిచి తలుపు తీయించేది. ఆఫీసర్లు విసుక్కునేవాళ్ళు.

"కంతలోంచి నీకు మొహం కనిపిస్తుంది. జబ్బు మొహంలోనే ఉంటుందని నీకెవరు చెప్పారు?" అనేది నాతో.

ఒకసారి ఒక కుర్రాడు మూడు రోజులుగా మంచం దిగలేదు. "అలిగాడు, అంతే," అన్నాడు ఆఫీసర్. గ్లోరియా తలుపు తీయించింది. దుప్పటి తీసింది. కుర్రాడి ఎడమకాలు బూటులోనే ఉబ్బిపోయి ఉంది. బూటు కత్తిరించి తీస్తే మడమ నల్లబడి ఉంది. అరెస్టయిన రోజున ఇనుప ముక్క గుచ్చుకుందట. ఎవరూ బూటు విప్పమనలేదు, వాడూ చెప్పలేదు. ఆ కాలు దక్కింది. ఇంకో రోజు ఆగితే దక్కేది కాదు.

ఆ రోజు ఆమె మీద నాకు గౌరవం పెరిగింది. ఆమె అలవాటు మాత్రం నాకు రాలేదు. ఆమె ఉన్నన్నాళ్ళు తలుపులు తీయించాను, ఆమె రిటైరయ్యాక మానేశాను. ఎందుకు మానేశావని అడిగితే చెప్పడానికి పెద్ద కారణమేం లేదు. తలుపు తీయించాలంటే ఆఫీసర్‌ని అడగాలి, అడిగితే అతను నిట్టూరుస్తాడు. ఒక మనిషి నిట్టూర్పుకి మొహమాటపడ్డాను. అలాంటి చిన్న మొహమాటాలే ఈ ఉద్యోగంలో ప్రాణాల మీదికి తెస్తాయి.

డెన్నిస్

ఒక శుక్రవారం సాయంత్రం డెన్నిస్ అనే మనిషిని తీసుకొచ్చారు. నలభై దాటిన నేటివ్ మనిషి, వెల్డరు. అతని ట్రక్కు రోడ్డు దిగి కంచెకి ఆనుకుని ఆగింది. పోలీసు ఆఫీసర్ వచ్చేసరికి మాట ముద్దముద్దగా వస్తోందట. ఊదించి చూస్తే మెషీన్‌లో తాగినట్టు రాలేదు. "అయితే మాత్రలేవో మింగుంటాడు," అన్నాడు ఆఫీసర్ నాతో.

నా ముందు కుర్చీలో కూర్చోబెట్టారు. ఊపిరి గట్టిగా, లోతుగా తీస్తున్నాడు. "నీళ్ళు," అన్నాడు. ఇచ్చాను. గడగడా తాగి మళ్ళీ "నీళ్ళు" అన్నాడు. నోట్లోంచి ఒక తియ్యటి వాసన, బాగా మాగిన పండులా, గోళ్ళరంగు తుడిచే మందులా. ఆ వాసన గుంటూరులో మా ట్యూటర్ సిస్టర్ మమ్మల్ని వార్డులో ఒక పేషంట్ దగ్గర వరసగా నిలబెట్టి చూపించింది. షుగరు బాగా పెరిగి, ఒంట్లో ఇన్సులిన్ లేనప్పుడు వచ్చే వాసన. ఒకసారి పీల్చినవాళ్ళు మరిచిపోరు అంది.

నేను మరిచిపోలేదు. అయినా నా బుర్ర దాకా రానివ్వలేదు. అతను నేటివ్. మత్తులో ఉన్నాడని ఆఫీసర్ అన్నాడు. ఆ రెండూ నా మనసులో కలిసిపోయి జవాబు తయారైపోయింది. వేలు గుచ్చి షుగరు చూడటం అర నిమిషం పని. మెషీన్ పక్కగదిలో ఉంది, బయట ఇంకా ఆరుగురు వెయిట్ చేస్తున్నారు. "మత్తులో ఉన్నాడు, గమనిస్తూ ఉండాలి" అని రాశాను.

నేటివ్ అంటే తాగుబోతు అని నాకు ఎవరూ పాఠం చెప్పలేదు. అక్కడ రోజూ వినే జోకులు, ఆఫీసర్ల మాటలు, పాత చార్టులు, అన్నీ కలిసి నెమ్మదిగా లోపలికి దిగిపోయాయి. మన దేశంలో పేరు వినగానే కులం లెక్కగట్టేవాళ్ళ మధ్య పెరిగాను. ఆ లెక్క నా మీద పడితే ఎలా ఉంటుందో నాకు బాగా తెలుసు. అయినా ఇక్కడికొచ్చి అదే పని నేను చేశాను.

ఫోన్

మర్నాడు శనివారం కూడా నాదే డే షిఫ్ట్. మధ్యాహ్నం మందులు సర్దుతుంటే ఫోన్ మోగింది.

"జైల్ మెడికల్," అన్నాను.

"మా డెన్నిస్ అక్కడున్నాడు. నేను వాడి పెద్దమ్మను. వాడికి..."

"మామ్, ఇక్కడ ఎవరున్నారో లేరో నేను చెప్పకూడదండీ."

"నాకేం చెప్పక్కర్లేదు. నేనే నీకు..."

"సారీ మామ్. పేషంట్ ప్రైవసీ. సోమవారం ఆఫీస్‌కి కాల్ చేయండి."

పెట్టేశాను. నిమిషం కూడా పట్టలేదు. రూల్ ప్రకారం చేశాననుకున్నాను.

ఈ ఒక్క ముక్క జాగ్రత్తగా చదవండి. పేషంట్ సంగతి బయటివాళ్ళకి చెప్పొద్దంటుంది చట్టం. బయటివాళ్ళు చెప్పేది వినొద్దని ఎక్కడా అనదు. ట్రైనింగ్‌లో మాకు మొదటి సగమే పదేపదే చెప్పేవాళ్ళు, ఎందుకంటే కేసులు పడేది దాని వల్ల. రెండో సగం నేను ఎవర్నీ అడగలేదు. ఫోన్ త్వరగా పెట్టేయడానికి ఆ రూల్ నాకు పనికొచ్చింది కాబట్టి.

ఆ సాయంత్రం డ్యూటీ దిగే ముందు అతని గది కంతలోంచి చూశాను. గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. "డెన్నిస్, ఓకేనా?" అన్నాను. చెయ్యి కొంచెం ఎత్తాడు. టిక్ పెట్టాను. ఆదివారం నాకు సెలవు. నేను చర్చిలో ఉన్న సమయంలో, టిఫిన్ పళ్ళెం తీసుకోవడానికి వెళ్ళిన ఆఫీసర్ అతను చనిపోయి ఉండటం చూశాడు.

సోమవారం గేట్ దగ్గర విన్నాను. లోపల మా మేనేజర్ క్రెయిగ్ అందర్నీ కూర్చోబెట్టి స్టేట్‌మెంట్లు రాయిస్తున్నాడు. జైలు వైద్యం కౌంటీ వాళ్ళు ఒక ప్రైవేట్ కంపెనీకి కాంట్రాక్ట్ ఇచ్చారు, అతను ఆ కంపెనీ మనిషి. నేను ఫోన్ కాల్ సంగతి చెప్పాను.

"అది చార్టులో ఉందా?" అన్నాడు.

"లేదు. నేను రాయలేదు."

"చార్టులో లేనిది స్టేట్‌మెంట్‌లో ఎందుకు? చార్టులో ఉన్నదే రాయి."

రాశాను. ఇంటికెళ్ళి ప్రభాకర్‌కి చెప్పాను. ఆయన, "లైసెన్సు పోతే ఏం చేస్తావు? పాప ఇప్పుడే కాలేజీలో చేరింది. నోరు మూసుకుని ఉండు," అన్నాడు. ఆయన్ని తప్పుపట్టను. నేను ఆయన నోటి వెంట వినాలనుకున్నదే ఆయన అన్నాడు.

పోస్ట్‌మార్టంలో తేలింది. షుగరు.

బుధవారాలు

రెండు వారాల తర్వాత ఒక బుధవారం మధ్యాహ్నం కోర్టు ముందు ఒక పెద్దావిడ మడత కుర్చీ వేసుకుని కూర్చుంది. ఒళ్ళో డెన్నిస్ ఫోటో. ఆవిడే పెద్దమ్మ, పేరు వెర్నా. స్కూల్ బస్ డ్రైవర్. పొద్దున ట్రిప్‌కీ సాయంత్రం ట్రిప్‌కీ మధ్య ఆవిడకి ఖాళీ ఉండేది. తల్లి చనిపోతే డెన్నిస్‌ని ఆరేళ్ళప్పటి నుంచి పెంచింది ఆవిడే.

జైలు కోర్టు వెనకే. మా స్టాఫ్ లాట్‌లో కార్ పెట్టి ఆ పేవ్‌మెంట్ మీదుగానే లోపలికి వెళ్ళాలి. లంచ్ నుంచి తిరిగొస్తుంటే ఆవిడ కుర్చీ దారికి కొంచెం అడ్డంగా ఉంది. "ఎక్స్‌క్యూజ్ మీ, మామ్," అన్నాను. ఆవిడ గబుక్కున తలెత్తి నా వంక చూసింది. చూస్తూనే కుర్చీ జరిపింది.

మరుసటి బుధవారం ఆవిడ చెల్లెలు వచ్చింది. ఆ తర్వాత ఇంకో రెండు నేటివ్ కుటుంబాలు, వాళ్ళ వాళ్ళూ ఆ జైల్లోనే పోయారు. వాళ్ళలో ఒక్కళ్ళు నా టైమ్‌లోనే పోయారు, పేరు నాకు గుర్తు కూడా లేదు. ఒక రోజు పశువుల ఫారం నడిపే ఒక తెల్లావిడ ట్రక్కు దిగి, చేతిలో తన కొడుకు ఫోటోతో వచ్చి నిలబడింది. ఎవరూ ఏమీ అడక్కుండానే జరిగి చోటిచ్చారు. చలికాలం వచ్చేసరికి పేవ్‌మెంట్ నిండిపోయేది. అరుపులు, నినాదాలు పెద్దగా ఉండేవి కావు. ఒక ముసలాయన చేతి డప్పు మీద వాళ్ళ భాషలో ఒక పాట పాడేవాడు. తర్వాత ఒక్కొక్కరి పేరు చదివేవాళ్ళు. ఎలా చనిపోయారో చెప్పేవాళ్ళు కాదు. ఎలా బతికారో ఒక్క ముక్క చెప్పేవాళ్ళు. "డెన్నిస్. హైస్కూల్ స్టేడియం మెట్ల రెయిలింగ్ మొత్తం వాడి చేతి వెల్డింగ్."

లోపల మావాళ్ళు కిటికీలోంచి చూసి నవ్వుకునేవాళ్ళు. "వీళ్ళకి పనీపాటా లేదా?" అనేవాళ్ళు. పని మానుకుని కాదు, లంచ్ టైమ్‌లో వచ్చి మళ్ళీ పనికి వెళ్ళేవాళ్ళని నాకు కనిపిస్తూనే ఉండేది. ఆ మాట పైకి అనలేదు.

కౌంటీని నడిపే కమిషనర్ల మీటింగ్‌లో ఎవరైనా లేచి మూడు నిమిషాలు మాట్లాడొచ్చు. వెర్నా గారు ఒక్క మీటింగ్ వదల్లేదు. రాసుకొచ్చిన కాగితం చదివేవారు. జైలుకి వచ్చిన ప్రతి మనిషికీ వేలు గుచ్చి షుగరు చూడాలి. ఇంటివాళ్ళు ఫోన్ చేస్తే నర్సు విని రాసుకోవాలి. ఒంట్లో బాగాలేదన్న మనిషిని తలుపు తీసి చూడాలి. ఈ మూడే. చివర్లో ప్రతిసారీ ఒకే ప్రశ్న: "శనివారం మధ్యాహ్నం నా ఫోన్ ఎత్తిన మనిషి ఎవరు?"

అలాంటి కాల్ వచ్చినట్టు తమ దగ్గర రికార్డు లేదని కౌంటీ జవాబు. ఊరి పేపర్‌లో ఆ ప్రశ్నా, ఆ జవాబూ పక్కపక్కనే వచ్చేవి. నేను కిచెన్ టేబుల్ దగ్గర కూర్చుని చదివేదాన్ని. సంవత్సరానికి పైగా చదివాను. నేను చేసిన మొదటి తప్పు తొందరలో జరిగింది. ఈ రెండోది రోజూ పొద్దున లేచి, తెలిసి, చేస్తూ వచ్చాను. రెండోదే పెద్దదని ఇప్పుడు అనుకుంటాను.

ప్రమాణం చేసి చెప్పిన మాట

కుటుంబం కేసు వేసింది. సాక్ష్యం కోసం నన్ను పిలిచారు. కోర్టులో కాదు, ఒక లాయర్ ఆఫీస్‌లో ప్రమాణం చేయించి, అటువాళ్ళ లాయర్ ప్రశ్నలడిగితే ఒకామె ప్రతి మాటా టైప్ చేస్తుంది. దాన్ని డిపొజిషన్ అంటారు. మీలో ఎవరికైనా ఎప్పుడో ఒకప్పుడు తప్పదు.

ముందు రోజు కంపెనీ లాయర్ నన్ను ప్రిపేర్ చేశాడు. మర్యాదస్తుడే. "అబద్ధం చెప్పమని నేను అనడం లేదు. ఎప్పుడో జరిగింది. రోజుకి ఎన్నో కాల్స్ వస్తాయి. 'గుర్తు లేదు' అన్నది కూడా జవాబే," అన్నాడు.

ఇంటికొచ్చి గ్లోరియాకి ఫోన్ చేశాను. అప్పటికి ఆమె కొడుకు దగ్గర ఉంటోంది. మొత్తం చెప్పాను. తలుపులు తీయించడం మానేశానని కూడా చెప్పాను.

"నీకు ఎంతవరకు గుర్తుంది?" అంది.

"అన్నీ గుర్తున్నాయి. ఆవిడ ఏ మాట దగ్గర ఆగిపోయిందో కూడా."

"మరి నన్నెందుకు అడుగుతున్నావు?" అంది. నన్ను ఓదార్చలేదు. "పొద్దున ఏమన్నా తిని వెళ్ళు. ఖాళీ కడుపుతో ప్రమాణం చేయకు," అంది.

ప్రభాకర్‌కి చెప్పాను, రేపు నిజం చెప్పేస్తున్నానని. ఆయన పేపర్ పక్కన పెట్టి, "నేను డ్రైవ్ చేస్తాను," అన్నాడు. అంతే.

గదిలో టేబుల్‌కి అవతలి వైపు, తమ లాయర్ పక్కన, వెర్నా గారు కూర్చుని ఉన్నారు. నీలం స్వెటర్, ఒళ్ళో చేతులు. ఆ లాయరమ్మ నా చదువు, షిఫ్టులు, ఫారాలు అన్నీ అడిగి అసలు దానికి వచ్చింది.

"ఆ శనివారం మధ్యాహ్నం మెడికల్‌కి డెన్నిస్ గురించి ఫోన్ వచ్చినట్టు మీకు గుర్తుందా?"

"గుర్తుంది."

పక్కనున్న కంపెనీ లాయర్ పెన్ను కింద పెట్టాడు.

"ఎవరు ఎత్తారు?"

"నేనే. ఆవిడ చెప్పబోయింది. నేను విన్లేదు. పెట్టేశాను. తర్వాత చార్టులో రాయలేదు. స్టేట్‌మెంట్‌లోనూ రాయలేదు."

వాసన సంగతి వాళ్ళు అడగలేదు. అదీ నేనే చెప్పాను. శుక్రవారం అతని నోట్లోంచి ఏం వాసన వచ్చిందో, అది ఏమిటో నాకు తెలిసి కూడా షుగరు చూడలేదని. టైప్ చేసే ఆమె ఒక్క క్షణం ఆగి, మళ్ళీ టైప్ చేసింది. నేను వెర్నా గారి వైపు చూడలేకపోయాను.

అయిపోయాక కారిడార్‌లో మంచినీళ్ళ దగ్గర ఎదురయ్యారు. ఆవిడే అన్నారు, "నీ గొంతు నాకు మొదటి బుధవారమే తెలుసు. కుర్చీ జరపమన్నావే, ఆ రోజే."

"మరి ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు?"

"నేను చెబితే బిడ్డ పోయిన ముసల్దాని అనుమానం అంటారు. నువ్వు చెబితే సాక్ష్యం. చెబుతావా, చెప్పకుండానే పోతావా అని ప్రతి బుధవారం చూశాను."

"ఐయామ్ సారీ, మిస్ వెర్నా."

"ఆ మాట ఇవాళ నాకొద్దు," అన్నారు. వాచీ చూసుకున్నారు. "రెండున్నరకి నా బస్సుంది." వెళ్ళిపోయారు.

తర్వాత

ఆ వారాంతానికి షెడ్యూల్‌లో నా పేరు లేదు. క్రెయిగ్ ఫోన్ కూడా చేయలేదు. నర్సింగ్ బోర్డు విచారణ చేసింది. లైసెన్సు తీయలేదు, మందలింపు రాశారు. అది నా రికార్డులో ఇప్పటికీ ఉంది, ఉండాల్సిందే. తర్వాత ఒక వృద్ధాశ్రమంలో పనిచేశాను. ఊళ్ళో తెలుగువాళ్ళు కొందరు, "మీకెందుకండీ ఆ గొడవ, తల ఊపి వచ్చేస్తే పోయేది కదా," అన్నారు.

కేసు రాజీ అయింది. అయినా బుధవారాలు ఆగలేదు. కేసు తేలిపోయింది కదా అని కొందరు మానేద్దామంటే వెర్నా గారు, "కాగితం మీద ఉన్న మూడూ తలుపు లోపల జరిగే దాకా నా కుర్చీ ఇక్కడే," అన్నారట. ఇంకో ఏడాది పట్టింది. చివరికి కౌంటీ ఆ కంపెనీతో కాంట్రాక్ట్ ఆపేసి జైలు వైద్యం తన హెల్త్ డిపార్ట్‌మెంట్‌కి ఇచ్చింది. ఆ మూడూ రూల్స్ అయ్యాయి. ఇంటివాళ్ళ కాల్స్ కోసం వేరే ఫోన్ నంబర్ పెట్టారు. కుటుంబాల వాళ్ళతో ఒక కమిటీ వేశారు, వెర్నా గారు అందులో ఉన్నారు.

కొత్త డాక్టర్ నర్సుల కోసం చూస్తుంటే అప్లై చేశాను. ఇస్తారనుకోలేదు. ఇచ్చారు. నా అప్లికేషన్ కమిటీ ముందుకి వెళ్ళిందని, గదిలో అందరూ వెర్నా గారి వైపు చూశారని ఆ డాక్టర్ తర్వాత చెప్పింది. "ఆమెని తీసుకోండి. ఫోన్ పెట్టేస్తే ఏమవుతుందో ఆమెకి తెలుసు," అన్నారట.

ఇంకో ఎనిమిదేళ్ళు చేశాను. అన్నీ బాగుపడ్డాయని రాస్తే అబద్ధం. నా ఎనిమిదేళ్ళలో కూడా ఆ జైల్లో మనుషులు చనిపోయారు. ఒకామె పోయిన రోజున మేం చేయాల్సిందంతా చేశాం, అయినా పోయింది. కానీ ఆమె ఇంటివాళ్ళని అదే రోజు కూర్చోబెట్టి ఏం జరిగిందో చెప్పాం, చార్టు చూపించాం. ఆ తేడా చిన్నది కాదు.

ఇంటివాళ్ళ ఫోన్‌కి వచ్చే కాల్స్ ఎక్కువ మామూలువే. కళ్ళజోడు మర్చిపోయాడు, ఇన్‌హేలర్ జేబులో ఉంది, వాడికి ఆ మందు పడదు. కొందరు తిడతారు. ఒకరిద్దరు అబద్ధాలు కూడా చెప్పారు. అన్నీ రాసుకున్నాను. ఒక అమ్మమ్మ ఫోన్ చేసి, మనవరాలికి మూర్ఛ ఉందని, సిగ్గుపడి చెప్పదని అంది. వెళ్ళి తలుపు తీయించి అడిగితే ఆ పిల్ల లేదంది. రెండోసారి మెల్లగా అడిగితే ఏడ్చింది. అదే సాయంత్రం మందు మొదలుపెట్టాం. ఆ అమ్మమ్మకి నేను ఏమీ చెప్పలేదు, చెప్పకూడదు కాబట్టి. "విన్నానండీ, రాసుకున్నాను," అని మాత్రం అన్నాను. అంత మాట అనడానికి ఏ చట్టమూ అడ్డు రాదు.

వెర్నా గారు క్లాసుకి వస్తారు

నేను రిటైరయ్యి ఫ్రిస్కో వచ్చాక కూడా, ఆ జైల్లో కొత్త నర్సులు చేరినప్పుడల్లా నన్ను పిలుస్తారు. ప్రభాకర్ డ్రైవ్ చేస్తాడు. ట్రైనింగ్‌లో ఒక పూట వెర్నా గారిది, నాది. ముందు నేను ఇప్పుడు మీకు చెప్పిందంతా చెబుతాను. తర్వాత ఆవిడ డెన్నిస్ గురించి చెబుతారు. మేమిద్దరం స్నేహితులం కాదు. ఆవిడ నన్ను ఇంటికి పిలవలేదు, నేనూ ఆశించలేదు. పక్కపక్క కుర్చీల్లో కూర్చుంటాం. ఇప్పుడు ఆవిడ బస్ నడపడం లేదు, చెవులు సరిగా వినిపించడం లేదు. ఎవరైనా మెల్లగా మాట్లాడితే నేను వంగి మళ్ళీ చెబుతాను.

కిందటిసారి ఒక కొత్తమ్మాయి చెయ్యెత్తింది. అప్పటికే కళ్ళు తుడుచుకుంటోంది. "మిస్ వెర్నా, మీరు ఈమెని క్షమించేశారా?" అంది.

ఆవిడకి వినపడలేదు. నా వైపు తిరిగి, "ఏమంటోంది?" అన్నారు. ఆ ప్రశ్న నా నోటితో నేనే ఆవిడ చెవిలో మళ్ళీ చెప్పాల్సి వచ్చింది. చెప్పాను. పదేళ్ళుగా నేను అడగలేని ప్రశ్న అది.

వెర్నా గారు నన్ను చూడలేదు. ఆ అమ్మాయినే చూశారు.

"దాని కోసం నేను ఇక్కడికి రాలేదమ్మా," అన్నారు. "నువ్వు డ్యూటీకి ఎప్పుడెక్కుతున్నావు?"

"సోమవారం, మామ్."

"సోమవారం నీ గదుల్లో ఎవరో ఒకరి బిడ్డ ఉంటాడు. నేను వాడి కోసం వచ్చాను. ఇప్పుడు ఈమెని అడుగు, ఆఫీసర్ తలుపు తీయనంటే ఏం చేయాలో. ఆ సంగతి ఈమెకి బాగా తెలుసు."

ఆ అమ్మాయి నోట్‌బుక్ తెరిచింది. నేను చెప్పడం మొదలుపెట్టాను.